సర్వర్ పోలేదవ్వా, దారి పోయింది

ఉట్నూరులో ఒక బ్యాంకు. పింఛను కోసం నిలబడ్డ ముసలమ్మతో కౌంటర్‌లోని పిల్లగాడు "సర్వర్ పోయిందవ్వా, జరసేపు కూసో" అన్నాడు. ఆమె పక్కనే నేనూ కూలబడ్డాను. ఇలాంటప్పుడు చాలాసార్లు సర్వర్ ఎక్కడికీ పోదు, నిక్షేపంగా ఉంటుంది. పోయేది దారి. బ్యాంకులవాళ్లు 'ఎంపీఎల్‌ఎస్ లైన్' అనేది ఆ దారినే. మల్టీప్రొటోకాల్ లేబుల్ స్విచింగ్ అని దాని పూర్తి పేరు.

ఇంటర్నెట్‌లో ప్రతి కూడలి దగ్గరా ఒక రూటర్ ఉంటుంది. వచ్చిన ప్యాకెట్ (సమాచారపు మూట) మీది చిరునామా చదివి, వేల వరుసల పట్టికలో దానితో ఎక్కువ అంకెలు కలిసే వరుసను వెతికి, ఎటు పంపాలో తేలుస్తుంది. తర్వాతి కూడలిలో మళ్లీ మొదటినుంచి అదే వెతుకులాట. 1990ల నడుమ రద్దీ పెరిగి రూటర్లకు ఊపిరాడలేదు. 1996లో ఇప్సిలాన్ అనే చిన్న కంపెనీ 'ఐపీ స్విచింగ్' అంది, సిస్కో 'ట్యాగ్ స్విచింగ్' అంది. ఐబీఎం, తోషిబాలదీ ఎవరి కుంపటి వారిదే. 1997లో ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ అందరినీ ఒకచోట కూర్చోబెట్టింది. 2001 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 3031 పేరుతో ఎంపీఎల్‌ఎస్ అనే ఒక్క పద్ధతి ఖాయమైంది.

వేములవాడ రాజన్న దర్శనానికి పోతే చెప్పుల స్టాండులో టోకెన్ ఇస్తారు. పేరు, ఊరు అడగరు. 24 అంటే 24వ గూడు, అంతే. సామాన్ల గదిలోనూ 24 ఉంటుంది, అది ఇంకెవరి సంచో. ఏ నంబరైనా ఆ కౌంటర్ వరకే. ఎంపీఎల్‌ఎస్‌లో ప్యాకెట్‌కు అంటించే లేబులూ అంతే.

మన ప్యాకెట్ ఉట్నూరు నుంచి హైదరాబాద్ పోవాలనుకుందాం. మొదటి రూటర్ మాత్రమే చిరునామా చదివి 24 అని లేబుల్ అంటిస్తుంది. ఆదిలాబాద్ రూటర్ చిరునామా జోలికే పోదు. '24 వస్తే 310 చేసి నిర్మల్ వైపు తోయి' అని దాని పట్టికలో ముందే ఉంది. నిర్మల్‌లో 310 చెరిగి 57 అవుతుంది. ఈ పట్టికలు రూటర్లు ముందుగా తమలో తాము మాట్లాడుకుని రాసుకున్నవే.

లేబుల్ మొత్తం 32 బిట్లు. అందులో 20 నంబరువి, అంటే పది లక్షలకు పైగా నంబర్లు. 3 బిట్లు ఎంత తొందరో చెబుతాయి. 8 బిట్లు ఆయుష్షు: కూడలికొకటి తగ్గుతూ, దారితప్పి గిరగిరా తిరిగే ప్యాకెట్ సున్నా దగ్గర రాలిపోతుంది. మిగిలిన ఒక్క బిట్టే నాకు ముచ్చట. 'నా కింద ఇంకో లేబుల్ లేదు' అని చెప్పడమే దాని పని. లేబుల్ మీద లేబుల్ పేర్చవచ్చు మరి. పైది దారి చూపుతుంది, కిందిది సరుకు ఎవరిదో చెబుతుంది. అందుకే రెండు బ్యాంకులు లోపల ఒకే చిరునామాలు వాడుకున్నా, ఒకే కేబుల్ మీద వాటి లెక్కలు కలిసిపోవు.

తీరా చూస్తే, వేగం కోసం పుట్టిన లేబుల్‌కు ఆ పని ఎంతోకాలం మిగల్లేదు. చిరునామాలను అంతే చురుగ్గా వెతికే చిప్‌లు వచ్చేశాయి. అయినా అది బతికిపోయింది. దారిని ముందే గీయగలిగినప్పుడు పక్కదారినీ గీసి ఉంచవచ్చు. కేబుల్ తెగితే సెకనులో ఇరవయ్యో వంతులోనే మళ్లించవచ్చు.

పక్కదారంటూ ఉంటేనే సుమా! 2023 ఆగస్టులో కేంద్రం ₹1,39,579 కోట్లతో ఆమోదించిన సవరించిన భారత్‌నెట్‌లో, అంటే పల్లెలకు ఇంటర్నెట్ చేర్చే పథకంలో, బ్లాకులకూ పంచాయతీలకూ ఎంపీఎల్‌ఎస్ రూటర్లు పెట్టి, కేబుల్‌ను రింగులా వేయాలన్నారు. మన తెలంగాణలో మిషన్ భగీరథ మంచినీటి పైపుల కందకాల్లోనే టీ-ఫైబర్ ఇంటర్నెట్ కేబుల్ గొట్టాలూ వేశారు. అధికారులకు ఒక్క మనవి: ఇంద్రవెల్లికైనా నార్నూరుకైనా రింగు రెండు వైపులూ వేర్వేరు బాటల్లో రానివ్వండి. రెండూ ఒకే కందకంలో ఉంటే జేసీబీ ఒక్క దెబ్బకు రెండూ పోతాయి.