ఏకలవ్య శిష్యులకూ ఒక గురువు

ఎవరి దగ్గరా పాఠం చెప్పించుకోకుండా ఒక విద్యలో ఆరితేరినవాణ్ణి మనం ఏకలవ్య శిష్యుడంటాం. ‘ఫలానా గాయకుడికి నేను ఏకలవ్య శిష్యుణ్ణి’ అని చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. గురువు లేనివాణ్ణి శిష్యుడనడం వింతగా తోస్తుంది గానీ, ఆ మాట కట్టినవాళ్లకు విషయం బాగా తెలుసు. సొంతంగా నేర్చుకున్నవాడికీ గురువుంటాడు. ఆ గురువు మీద మాత్రం శిష్యుడి బాధ్యత ఉండదు.

కథ భారతం ఆదిపర్వంలోది. నిషాదరాజు కొడుకు ఏకలవ్యుడు విలువిద్య కోసం వస్తే, నిషాదుడన్న కారణంతో ద్రోణుడు చేర్చుకోలేదు. ఏకలవ్యుడు అడవికి పోయి, మట్టితో ద్రోణుడి బొమ్మ చేసి, దాని ముందు సాధన చేశాడు. చాటునుంచి చూసి నేర్చుకున్నాడని జనం చెప్పుకుంటారు గానీ మూలకథలో అది లేదు. మొరుగుతున్న కుక్క నోట్లో ఏడు బాణాలు నాటిన నేర్పు చూసి పాండవులు ఎవరివని అడిగితే, ద్రోణుడి శిష్యుణ్ణనే చెప్పాడు. మట్టిబొమ్మ ఏం నేర్పుతుంది, ఆ విద్యంతా అతని కష్టమే కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. ద్రోణుడు ఒక్క పాఠమూ చెప్పలేదు, కుడిచేతి బొటనవేలు అడిగే హక్కు అతనికి ఏ కోశానా లేదు. అయితే విలువిద్య ఎంత ఎత్తుకు పోగలదో తెలిస్తేనే ఎవరైనా అంత సాధన చేస్తారు. ద్రోణుడి పేరు ఏకలవ్యుడికి ఆ కొలత అయింది.

ఇంగ్లీషులో ఇలాంటివారిని ఆటోడైడాక్ట్ అంటారు. తనకు తానే నేర్పుకున్నవాడని దాని గ్రీకు మూలానికి అర్థం. హోమర్ ఒడిస్సీలో ఫేమియస్ అనే గాయకుడు ప్రాణభిక్ష కోరుతూ తాను స్వయంగా నేర్చినవాణ్ణంటాడు, ఆ వెంటనే పాటలన్నీ తన మనసులో దేవుడు నాటాడంటాడు. భాగవతంలో తనను సహజపాండిత్యుడని చెప్పుకున్న పోతన కూడా, పలికించేవాడు రాముడేనన్నాడు. ఇద్దరూ ఘనతంతా తమ ఖాతాలో వేసుకోలేదు.

దైవం సంగతి అలా ఉంచి, మనకు దగ్గరి కాలానికి వస్తే గణితవేత్త రామానుజన్ ఉన్నాడు. కుంభకోణంలో చదువుకునే రోజుల్లో కార్ అనే ఇంగ్లండు ఉపాధ్యాయుడు కూర్చిన గణిత సంగ్రహం అతని చేతికొచ్చింది. దాదాపు 5,000 ఫలితాలున్న ఆ పుస్తకంలో నిరూపణలు బహు క్లుప్తం. రామానుజన్ నోటుబుక్కుల తీరూ అదే: ఫలితం ఉంటుంది, అది ఎలా వచ్చిందో చాలాచోట్ల ఉండదు. గురువు లేడనుకున్నవాడి చేతిరాతలో గురువు పోలిక కనిపిస్తూనే ఉంది.

గురువు చేతిలో పడితే అతని సొంత చూపు చచ్చిపోయేదని కొందరంటారు. కొందరు గురువుల విషయంలో ఆ భయం నిజమే కావచ్చు. రామానుజన్ విషయంలో ఆ వాదన నిలవదు. మిగతా సబ్జెక్టులు తప్పి స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు, కాలేజీ చదువు ఆగిపోయింది. యూరప్‌లో ఎప్పుడో తేలిపోయిన ఫలితాల్ని తిరిగి కనుక్కోవడానికి వయసులోని మంచి ఏళ్లు ఖర్చుచేశాడు. 1913లో అతని ఉత్తరం అందుకుని, మరుసటి ఏడు కేంబ్రిడ్జికి రప్పించుకున్న అక్కడి గణితవేత్త హార్డీ తర్వాత దీని గురించి రాశాడు. రామానుజన్ జీవితంలో అసలు విషాదం 32 ఏళ్లకే చనిపోవడం కాదనీ, దారి చూపేవారు లేక అంతకుముందే వృథా అయిన ఆ ఏళ్లేననీ ఆయన అభిప్రాయం.