పోస్టు బాక్సు చిరునామాకు బహుమతి వచ్చునా?

గ్రామములో ఎవరికైనను అర్థము తెలియని కాగితము వచ్చినచో, దానిని మొదట పంచాయతీ సభ్యునికే చూపింతురు. అట్టి కాగితములలో ఈ దినములలో బహుమతులకు సంబంధించినవి తరచుగా కనబడుచున్నవి. ఒకరికి సెల్‌ఫోనులో "మీకు విదేశీ బహుమతి వచ్చినది" అను వార్త చేరును. మరియొకరి కుమారుడు అమెరికాలో చదువుచు, అక్కడి బహుమతి పథకమునకు పేరు పంపబోయి, తనకు పోస్టు బాక్సు చిరునామా మాత్రమే యుండుటచే ఏమి చేయవలెనని ఇంటివారి నడుగును. ఈ రెండును వేరు సంగతులవలె కనిపించినను, మూలము ఒక్కటియే. ఉత్తరము చేరు చోటు వేరు. మనిషి నివసించు చోటు వేరు. ఈ భేదమును గ్రహించినచో బహుమతుల సంగతియే గాక, పంచాయతీ చేయవలసిన ఒక ముఖ్యమైన పని గూడ స్పష్టమగును.

స్వీప్‌స్టేక్స్ అనగా నేమి?

అమెరికాలో వ్యాపార సంస్థలు తమ సరకుల ప్రచారమునకై ప్రజలనుండి పేర్లు స్వీకరించి, చీట్లు తీసినట్లు కొందరిని ఎన్నుకొని బహుమతుల నిచ్చుచుండును. దీనినే స్వీప్‌స్టేక్స్ అందురు. అక్కడి చట్టముల ప్రకారము లాటరీకి మూడు లక్షణములు గలవు: బహుమతి, అదృష్టము, చెల్లింపు. ఈ మూడును కలిసిన పథకమును వ్యాపార సంస్థలు నడుపరాదు. చెల్లింపును తొలగించినచో అది స్వీప్‌స్టేక్స్ అగును. అందుచేతనే "ఏమియు కొననక్కరలేదు" అను మాట ప్రతి ప్రకటనలోను ఉండును. సరకు కొనినంత మాత్రమున గెలుచు అవకాశము పెరుగదని గూడ తపాలాలో పంపు కాగితములందు స్పష్టముగా తెలుపవలెనని 1999లో చేసిన చట్టము శాసించుచున్నది. న్యూయార్క్, ఫ్లోరిడా రాష్ట్రములలో బహుమతుల మొత్తము విలువ 5,000 డాలర్లు మించినచో, పథకమును ముందుగా ప్రభుత్వమువద్ద నమోదు చేయించి, బహుమతి సొమ్మునకు హామీ చూపవలెను.

ప్రతి పథకమునకు ఒక నియమావళి యుండును. ఎవరు అర్హులు, ఎన్నిమారులు పేరు పంపవచ్చును, గడువు ఎప్పుడు, ఎట్టి చిరునామా వ్రాయవలెను అను విషయములు అందే వ్రాయబడియుండును. పోస్టు బాక్సు గలవాడు మొదట చూడవలసినది ఆ నియమావళినే.

పోస్టు బాక్సు మాత్రమే గలవారు ఎవరు?

పోస్టు బాక్సు అనగా పోస్టాఫీసులో తాళముతో నుండు చిన్న పెట్టె. దానికొక సంఖ్య యుండును. ఆ సంఖ్యకు వచ్చిన ఉత్తరములను పెట్టె గలవాడు స్వయముగా పోయి తీసికొనును. ఇట్టి ఏర్పాటు మన దేశమునందును కలదు.

అమెరికాలో పూర్వము రైతులు ఉత్తరములకై పట్టణమునకు పోవలసి యుండెడిది. 1896 అక్టోబరు 1వ తేదీన వెస్టు వర్జీనియా రాష్ట్రములో గ్రామీణులకు ఇంటివద్దనే ఉచిత బట్వాడా ప్రారంభమైనది. క్రమముగా అది దేశమంతటను వ్యాపించినను, నేటికిని బట్వాడా చేరని చోట్లు లేకపోలేదు. అలాస్కాలోని మారుమూల పల్లెలు, ఆదిమవాసుల రిజర్వేషన్లు ఇందుకు ఉదాహరణములు. ఇంటివద్ద బట్వాడా పొందుటకు వీలులేనివారికి తపాలా సంస్థ ఒక పెట్టెను అద్దె లేకుండ ఇచ్చును. కనుక పోస్టు బాక్సు మాత్రమే యుండుట ఎవరి తప్పును కాదు. అది కొన్ని ప్రాంతముల పరిస్థితి.

నివాసము నేల అడుగుదురు?

కొన్ని పథకముల నియమావళి పోస్టు బాక్సును గూర్చి ఏమియు చెప్పదు. అట్టిచో బాక్సు సంఖ్యతో పేరు పంపుటకు ఆటంకముండదు. కొన్నిటిలో నివాసమునకు ఒక గడియు, ఉత్తరములకు మరియొక గడియు ఉండును. మరికొన్నిటిలో పోస్టు బాక్సు పనికిరాదని స్పష్టముగా వ్రాయబడియుండును. ఈ నిబంధనకు కారణములు నాలుగు.

మొదటిది, బహుమతి చట్టములు రాష్ట్రమునుబట్టి మారును. ఒక రాష్ట్రమువాడు పొరుగు రాష్ట్రములో బాక్సు తీసికొనవచ్చును గనుక, బాక్సు సంఖ్య నివాసమునకు సాక్ష్యము కాజాలదు. రెండవది, ఒక మనిషికి లేదా ఒక కుటుంబమునకు ఒక్క పేరే అను నియమము తరచుగా నుండును. ఒకడే ఇంటి చిరునామాతో ఒకమారు, బాక్సుతో మరియొకమారు పంపినచో ఇతరులకు అన్యాయము జరుగును. మూడవది, బరువైన బహుమతులను ప్రైవేటు రవాణా సంస్థలు తెచ్చును. అవి సామాన్యముగా పోస్టాఫీసు పెట్టెలకు సరకు చేర్చవు. నాలుగవది, పెద్ద బహుమతి గెలిచినవాడు ప్రమాణ పత్రముపై సంతకము చేయవలెను. బహుమతి అక్కడ పన్నుకు లోబడిన ఆదాయము గనుక, గెలిచినవాని నివాసము తెలియవలసియుండును.

చేయవలసినదేమి?

నివాసమునకు వేరు గడి యున్నచో అందు నివాసమునే వ్రాసి, రెండవ గడిలో బాక్సు సంఖ్యను వ్రాయవలెను. ఇంటికి బట్వాడా లేకున్నను ఇంటికి చిరునామా లేదని అర్థము కాదు. అత్యవసర వాహనములు దారి తప్పకుండుటకై అనేక కౌంటీలు పల్లెటూరి ఇండ్లకును సంఖ్యల నిచ్చియున్నవి. కౌంటీ అనగా మన జిల్లా వంటిది. ఆ కార్యాలయములో విచారించినచో ఇంటి సంఖ్య తెలియును. బాక్సు తీసికొనునప్పుడు గూడ అభ్యర్థి రెండు గుర్తింపు పత్రములను చూపి, తన నివాసమును ఋజువు చేయవలసియే యుండును. ఆ కాగితములే ఇచ్చటను ఉపకరించును.

కొన్ని పోస్టాఫీసులు, తమ భవనపు వీధి చిరునామాకు బాక్సు సంఖ్యను చేర్చి వాడుకొను సదుపాయమును కల్పించుచున్నవి. దానివలన ప్రైవేటు సంస్థలు తెచ్చు పార్సెళ్లును అందవచ్చును. కాని అది పోస్టాఫీసు చిరునామాయే గాని నివాసము కాదు. దానిని నివాసమని వ్రాయుట తగదు. బంధువుల ఇంటి చిరునామాను తనదిగా వ్రాయుటయు అంతే. గెలిచిన తరువాత విచారణలో నిజము బయటపడినచో, చేతికి వచ్చిన బహుమతి జారిపోవును. సందేహమున్నచో నిర్వాహకులకు ముందుగానే వ్రాసి అడుగుట మేలు.

మరియొక జాగ్రత్త గలదు. గెలుపు వార్తకు సమాధానమిచ్చుటకు గడువుండును. పెట్టెను నెలకొకమారు తెరచువానికి ఆ వార్త గడువు దాటిన తరువాత అందవచ్చును. అప్పటికి బహుమతి మరియొకరిది కావచ్చును. అక్కడ చదువుకొను మన విద్యార్థులు ఇంకొక నియమమును గూడ చూచుకొనవలెను. కొన్ని పథకములు ఆ దేశ పౌరులకే, కొన్ని అక్కడ చట్టబద్ధముగా నివసించువారికి వర్తించును. అర్హత లేనివాని పేరు వచ్చినను ఫలితముండదు.

పంపువాడే పెట్టె వెనుక నున్నచో

ఇంతవరకు పేరు పంపువాని సంగతి చెప్పబడినది. బహుమతి ఇచ్చెదనను వానికి పోస్టు బాక్సు మాత్రమే యున్నచో నేమి? నిజమైన సంస్థలు గూడ పేర్లు స్వీకరించుటకు బాక్సు సంఖ్యను వాడుచుండును గనుక, బాక్సు ఉన్నంత మాత్రమున మోసమనరాదు. కాని నిజమైన నియమావళిలో నిర్వాహకుని పేరు, చిరునామా తెలియజేయబడియుండును. అవి లేకుండ కేవలము ఒక బాక్సు సంఖ్యయో, ఒక ఫోను సంఖ్యయో ఉన్నచో అనుమానింపవలెను. అన్నిటికంటె గట్టి గుర్తు మరియొకటి కలదు. బహుమతి పంపుటకు రుసుమనియు, కస్టమ్సు సుంకమనియు, పన్ను అనియు ముందుగా సొమ్ము పంపుమన్నచో అది మోసమే. పేరు పంపని పథకములో గెలుపు ఎట్లు వచ్చును?

మన చట్టములును ఈ విషయమున మౌనముగా లేవు. పత్రికలలో ప్రవేశ రుసుముతో నడచిన బహుమతి పోటీలను అదుపు చేయుటకు 1955లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. దానిని కోరిన రాష్ట్రములలో నాటి ఆంధ్ర, హైదరాబాదు రాష్ట్రములును ఉండెను. 1998 చట్టము లాటరీల నిర్వహణను రాష్ట్ర ప్రభుత్వములకే పరిమితము చేసినది. లాటరీ టిక్కెట్లకును, స్వీప్‌స్టేక్స్‌కును విదేశములకు సొమ్ము పంపరాదని 2000 సంవత్సరపు విదేశీ మారక నిబంధనలు పేరుపెట్టి నిషేధించుచున్నవి. ఇట్టి మోసములో ఎవరైనను సొమ్ము పోగొట్టుకొన్నచో, ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. సిగ్గుపడి దాచుకొనుటవలన మోసగానికే మేలు కలుగును.

చిరునామా లేనివాని ఓటు

బహుమతి పోయినచో పోవచ్చును. కాని చిరునామా లేకపోవుటచే ఓటుహక్కుకే ఆటంకము కలిగిన ఉదంతము గలదు. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రములో, ఓటరు చూపు గుర్తింపు పత్రముపై వీధి చిరునామా ఉండవలెనని 2017లో చట్టము చేసిరి. అక్కడి రిజర్వేషన్లలోని అనేక గృహములకు సంఖ్యలు లేవు. నివాసులు ఉత్తరములను పోస్టు బాక్సులలో అందుకొనుచుండిరి. 2018 అక్టోబరులో సుప్రీముకోర్టు ఆ నిబంధన అమలును ఆపుటకు నిరాకరించినది. నవంబరు ఎన్నికలకు కొద్ది వారములే మిగిలియుండగా, ఆదిమవాసుల పాలక మండలులు తమ ప్రజల ఇండ్లకు చిరునామాలు నిర్ణయించి, రేయింబవళ్లు కొత్త గుర్తింపు పత్రములు వ్రాసి ఇచ్చినవి. తుదకు 2020లో రాజీ కుదిరి, ఓటరు తన నివాసమును పటముపై గుర్తించి చూపుటకు వీలు కలిగినది. గడువు సమీపించిన తరువాత పడిన ఆ శ్రమ ముందే పడియున్నచో ఎంత ఆందోళన తప్పెడిది!

పంచాయతీ కర్తవ్యము

మన గ్రామములలో బాక్సు గలవారు అరుదు. అయినను శివారు పల్లెలలో, తండాలలో, గూడెములలో, కొత్త కాలనీలలో సంఖ్య లేని ఇండ్లు, సంఖ్య చెరిగిపోయిన ఇండ్లు ఉండవచ్చును. అట్టి ఇంటివారికి పోస్టుమాను పరిచయముతో ఉత్తరము చేరును. ఆ పోస్టుమాను బదిలీ అయిననాడు చిక్కు మొదలగును. రేషను కార్డు, పింఛను, బ్యాంకు ఖాతా, ఓటరు జాబితా, అన్నియు చిరునామానే అడుగును.

కనుక సభ్యులు తమ వార్డులలో ఇల్లిల్లు తిరిగి, సంఖ్య లేని ఇండ్లను గుర్తించి, కార్యదర్శిచే రిజిస్టరులో ఎక్కింపవలెను. సంఖ్యను గుమ్మముపై కనబడునట్లు వ్రాయింపవలెను. ఇంటి సంఖ్య, వార్డు, గ్రామము, మండలము, జిల్లా, ఆరంకెల పిన్‌కోడు కలిపి చిరునామాను పూర్తిగా వ్రాయు పద్ధతిని గ్రామసభలో ఒకమారు చదివి వినిపింపవలెను. బహుమతి ఉత్తరము పట్టుకొని వచ్చినవానిని ఎగతాళి చేయక, "దీనిని పంపినదెవరు? అతడుండు చోటు ఏది? నిన్ను ముందుగా సొమ్ము అడిగెనా?" అను మూడు ప్రశ్నలను అడుగవలెను.

బహుమతి వచ్చుట అదృష్టము చేతిలోనిది. ప్రతి ఇంటికి సంఖ్య నిచ్చుట మాత్రము పంచాయతీ చేతిలోనిది.