కామెర్ల వెనుక డెల్టా

హెపటైటిస్ బి ఒంట నున్నదని తెలిసియు, ఏండ్ల తరబడి యే బాధయు లేక తన పనిపాటలు చూచుకొనుచున్న మనుష్యునకు ఒకనాడు కన్నులు పచ్చబడి, మూత్రము ముదురు రంగు దాల్చి, అన్నము సయింపకపోయినచో, పాత జబ్బే తిరుగబెట్టినదని యింటివారు పసరు మందునకు పరుగెత్తుట మనము తఱచుగా చూచునదే. పాత జబ్బే కావచ్చును. కాని దానిపై రెండవ వైరసు వచ్చి చేరినదేమో యని శంకింపని వైద్యము అసంపూర్ణము.

ఇట్టి జంట వైరసులలో మిక్కిలి క్రూరమైనది డెల్టా, అనగా హెపటైటిస్ డి. 1977లో ఇటలీలోని టురిన్ నగరమందు మారియో రిజ్జెట్టో అను వైద్యుడు బి రోగుల కాలేయపు తునుకలను సూక్ష్మదర్శినిలో పరీక్షించుచుండగా, కణకేంద్రకములలో అంతకుముందెవ్వరును గుర్తింపని యొక పదార్థము కానవచ్చెను. అది బి వైరసులోని భాగమనియే మొదట తలచిరి; అమెరికాలో చింపాంజీలపై జరిగిన ప్రయోగముల పిమ్మట వేఱొక వైరసని తేలెను. అత్యల్పమైన యీ వైరసు తన పైపొరను తాను నిర్మించుకొనజాలక, ఎరువు తెచ్చుకొన్న కంబళివలె బి వైరసు పొరనే కప్పుకొని వ్యాపించును. బి సోకనివానికి డి జబ్బు రాదు.

రెండును ఏకకాలమున సోకినచో, జబ్బు తీవ్రమైనను, పెద్దలలో అత్యధికులు రెండింటినుండియు కోలుకొందురు. బి ఇదివఱకే స్థిరపడిన దేహమున డి ప్రవేశించినచో మాత్రము, నూటికి 70 నుండి 90 మందిలో అది దీర్ఘవ్యాధిగా నిలిచిపోవును. కాలేయము గట్టిపడు సిరోసిస్, బి యొక్కటే యున్నవారికంటె దాదాపు పదియేండ్లు ముందుగా దాపురించును. ఇందొక మోసము గలదు. డి విజృంభించినప్పుడు బి తఱచుగా అణగియుండును గనుక, రక్తపరీక్ష కాగితముపై బి వైరల్ లోడ్ తక్కువగా కనబడి ధైర్యము కలిగించును. ఆ కాగితముననే కాలేయము దెబ్బతినుటను తెలుపు ఎస్జీపీటీ మాత్రము దిగిరాక నిలిచియుండును. ఆ పొంతనలేమియే డెల్టాను వెదుకుమని చెప్పు సూచన. బి రోగులు మ్రింగు టెనోఫోవిర్ డిని నిరోధింపదు. ఇంటర్‌ఫెరాన్ సూదిమందు కొందరికే పనిచేయును. బులెవిర్టైడ్ అను క్రొత్త మందునకు 2020లో ఐరోపాలో అనుమతి లభించెను.

బి టీకాయే డికిని అడ్డుగోడ. ఆ టీకాను 1997లో మన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ వారు స్వదేశముననే తయారుచేసి సామాన్యులకు అందుబాటులోనికి తెచ్చిరి. కాని బి ఇదివఱకే యున్నవారిని అది కాపాడజాలదు. కావున బి గలదని తెలిసిన ప్రతివారును డెల్టా పరీక్ష ఒక్కసారియైనను చేయింపుమని తమ వైద్యుని అడుగవలెను. ఇంటిల్లిపాదికిని బి పరీక్ష చేయించి, రక్షణ లేనివారికి టీకా వేయింపవలెను. పుట్టిన శిశువునకు 24 గంటలలోపల తొలి మోతాదు తప్పనిసరిగా పడవలెను.