మరమగ్గాల ఊళ్లో మన తెలుగు: వింతలు విశేషాలు

థాణే నుంచి భీవండి దారి పడితే కశేళి తర్వాత వచ్చేది కాల్హేర్. రోడ్డుకు రెండు వైపులా గోదాములు, మరమగ్గాల షెడ్లు. థాణే-భీవండి-కల్యాణ్ మెట్రో మార్గంలో ఈ ఊరికీ ఒక స్టేషన్ ఉంది. అక్కణ్నుంచి భీవండి చేరితే మన తెలుగు నిండుగా వినిపిస్తుంది.

భీవండిలో తెలుగుపేట
కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి వచ్చిన పద్మశాలీలు స్థిరపడ్డ పేట పద్మనగర్. ఇక్కడి సాంచెల (మరమగ్గాల) మీద పన్నెండు గంటల షిఫ్టు, మీటరు లెక్కన కూలి. పోగు తెగితే ముడెయ్యాలి, కండె అయిపోతే నాడెలో కొత్తది పెట్టాలి. షెడ్డులో హిందీ, బజారులో మరాఠీ, ఇంటికొస్తే తెలుగు. దసరా ముందు ఆడవాళ్లు బతుకమ్మ ఆడతారు.

సిరిసిల్లకు చేరిన పనితనం
భీవండిలో సాంచె నేర్చినవాళ్లు కొందరు తిరిగెళ్లి సిరిసిల్లలో మరమగ్గాలు పెట్టారు. అగ్గిపెట్టెలో పట్టే చీరతో పేరు తెచ్చుకున్న ఊరు అదే.

అన్నిటికంటే పాత గుర్తు
ముంబయిలోని కామాఠీపుర. నిజాం రాజ్యం నుంచి వచ్చి ఆ మహానగరాన్ని కట్టిన తెలుగు కామాఠీల పేరు ఆ పేటకు నిలిచిపోయింది.

మూడు, నాలుగు స్థానాలు
2001 జనాభా లెక్కల్లో దేశంలో మాట్లాడేవాళ్ల సంఖ్యలో హిందీ, బెంగాలీల తర్వాత మూడో స్థానం తెలుగుదే. 2011 నాటికి 8.30 కోట్లతో మరాఠీ ముందుకొచ్చింది, 8.11 కోట్లతో తెలుగు నాలుగోది అయింది. ఆ లెక్కల్లో ఒక్క మహారాష్ట్రలోనే తెలుగువాళ్లు 13 లక్షలకు పైనే.

ఎనిమిది భాషల బడి
ముంబయి నగరపాలిక బడులు నడిపిన ఎనిమిది మాధ్యమాల్లో తెలుగు ఒకటి. 1967లో పుణేలో మొదలైన బాలభారతి తెలుగులోనూ పాఠ్యపుస్తకాలు అచ్చువేసింది.

సముద్రం అవతల ఇదే కథ
జనం ఉన్నా భాషకు ఇబ్బంది తప్పదనడానికి ఫిలిప్పీన్స్ ఒక ఉదాహరణ. అక్కడ పది లక్షల మందికి పైగా మాట్లాడే భాష పంగసినాన్. ఇంతమంది ఉన్నా అదే పేరుగల సొంత రాష్ట్రంలోనే ఆ భాషకు ఇలోకానో అనే మరో భాష గట్టి పోటీ. 2012లో మాతృభాషా బోధన కింద బడిలో చోటు దొరికింది. మాతృభాషా బోధన తప్పనిసరి అన్న నిబంధనను 2024 చట్టం ఎత్తేసింది.

సంఖ్యలో మహారాష్ట్ర తెలుగువాళ్లు పంగసినాన్‌వాళ్లకు తీసిపోరు. కానీ జనం లక్షల్లో ఉన్నంత మాత్రాన భాష నిలవదు, పిల్లలు చదివి రాస్తేనే నిలుస్తుంది. పద్మనగర్ పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే ఉన్నారు. వాళ్లకు అక్షరాలు కూడా దిద్దించడం పెద్దవాళ్ల బాధ్యత, పుస్తకాలనూ టీచర్లనూ ఇవ్వడం ప్రభుత్వాల బాధ్యత.