ఉప్పునీటి తొట్టిలో ఉబ్బే చేప

ఉప్పునీటి చేప అనగానే ఎండబెట్టిన ఉప్పుచేప, దాని పులుసు గుర్తు తెచ్చుకునేరు! ఈ పూట నేను చెప్పబోయేది తినే చేప సంగతి కాదు. పొరపాటున కూడా తినకూడని చేప సంగతి. దాన్ని పఫర్ అంటారు. బెదిరిందంటే గుటకలు గుటకలుగా నీళ్ళు మింగి బంతిలాగా ఉబ్బిపోతుంది. సముద్రం జాడే లేని మన కర్నూలులో, మా ఇంటి ముందుగదిలో, గాజుతొట్టిలో అయిదేళ్ళుగా ఒక పఫర్‌ను సాకుతున్నాను. దీనికంటే ముందు ఇంకొకటి ఉండేది. అది నా తెలియనితనం వల్ల పోయింది. ముందు దాని కథే చెప్పాలి.

మా చిన్నవాడు ఏడో తరగతిలో ఉండగా మారాం చేసి, బొటనవేలంత పచ్చని చేపపిల్లను కొనిపించుకున్నాడు. వీపు మీద నల్లని చుక్కలు, తెల్లని పొట్ట. రెండు కళ్ళూ వేటికవి తిప్పుతూ మనుషుల్ని పరికించి చూస్తుంది. అమ్మినాయన "మంచినీళ్ళలోనే బతుకుతుందమ్మా, బంగారు చేపలతో కలిపి వేసుకోండి" అన్నాడు. వేశాము. పది రోజుల్లో బంగారు చేపల తోకలన్నీ కత్తిరించినట్టు అయిపోయాయి. సరే, దాన్ని వేరుచేశాము. కొన్నాళ్ళు బాగానే ఉంది. ఆరేడు నెలలకు తెల్లని పొట్ట బూడిదరంగుకు తిరిగింది, తిండి మానేసింది, ఒక మూల అడుగున పడుకుండిపోయింది. ఒకనాటి తెల్లవారుజామున చూస్తే ఏముంది! పిల్లవాడు ఆ రోజు బడికి పోలేదు.

తర్వాత పుస్తకాలు చూసి, తెలిసినవాళ్ళను అడిగి తెలుసుకున్నదేమంటే, ఈ పచ్చ చుక్కల పఫర్ నదులు సముద్రంలో కలిసే మొగల దగ్గరి జీవి. పిల్లగా ఉన్నప్పుడు తక్కువ ఉప్పు నీళ్ళలో తిరుగుతుంది, పెద్దదయ్యే కొద్దీ దానికి ఉప్పు ఎక్కువ కావాలి. మంచినీళ్ళలో వెంటనే చావదు. అందుకే అమ్మేవాళ్ళకు చెల్లుబాటవుతోంది. నెలల తరబడి నీరసించి పోతుంది.

రెండో చేపను తెచ్చేముందే అన్నీ సిద్ధం చేసుకున్నాను. ఇది ఆరంగుళాల దాకా పెరుగుతుంది కాబట్టి మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు తొట్టి పెట్టాము. నిండా పోస్తే సుమారు 180 లీటర్లు పడుతుంది. అంటే ముగ్గురు మనుషుల బరువు. బల్ల గట్టిది లేకపోతే ఆ ఆలోచనే మానుకోండి.

ఇక నీళ్ళు. "ఏందక్కా, మీ బోరు నీళ్ళు ఉప్పగానే ఉండాయి గదా, అవే పోసుకోరాదా?" అని మా పక్కింటామె అడిగింది. అందరికీ వచ్చే సందేహమే. మన బోర్లలో ఉప్పదనం రాళ్ళ నుంచి, నేల నుంచి దిగినది. సముద్రపు ఉప్పులో దేని పాలు ఎంతో ఒక లెక్క ఉంది, ఆ లెక్క బోరు నీళ్ళలో ఉండదు. వంటింటి ఉప్పూ పనికిరాదు. దానిలో కాల్షియం, మెగ్నీషియం వంటివి చాలవు, పైగా అయొడిన్, గడ్డకట్టకుండా వేసే పొడి కలిపి ఉంటాయి. చేపల తొట్లకని పొట్లాలుగా అమ్మే సముద్రపు ఉప్పే తేవాలి. నిజం సముద్రంలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నేను 30 గ్రాముల లెక్కన కలుపుతాను. నీళ్ళు ఆర్.ఓ. యంత్రం నుంచి పట్టినవి. ఆ యంత్రం బయటికి వదిలే నీటితో గచ్చు కడుగుతాను. మునిసిపాలిటీ నీళ్ళే వాడేవాళ్ళు వాటిలోని క్లోరిన్‌ను విరిచే మందు చుక్కలు తప్పకుండా వేయాలి.

ఉప్పు సరిపోయిందో లేదో నాలుకతో చూసి చెప్పడానికి ఇది పులుసు కాదు గదా! పాలలో నీళ్ళు కలిశాయేమో చూసే లాక్టోమీటర్ వంటిదే దీనికీ ఒకటుంది, హైడ్రోమీటర్ అంటారు. మంచినీళ్ళలో 1.000 చూపిస్తుంది. మా చేపకు ఇప్పుడు 1.022 దగ్గర ఉంచుతున్నాను. కానీ కొన్నది మంచినీళ్ళ తొట్టిలోంచి గనుక ఒక్కసారిగా అంత ఉప్పులో దించలేదు. వారానికి 0.002 చొప్పున పెంచుకుంటూ పోయేసరికి మూడు నెలలు పట్టింది. ఉప్పును చేప ఉన్న తొట్టిలో ఎన్నడూ గుమ్మరించకండి. ముందురోజే బక్కెట్లో కలిపి, గాలిబుడగల మోటారు పెట్టి, బాగా కరిగాక పోయాలి.

మన ఎండలకు ఒక చిత్రం జరుగుతుంది. వేసవిలో మా తొట్టిలో రోజుకు ఒకటి రెండు లీటర్లు ఆవిరైపోతుంది. తగ్గిన మేరకు ఉప్పునీళ్ళే పోద్దామనిపిస్తుంది. పోయకూడదు. ఆవిరైంది నీరు మాత్రమే, ఉప్పంతా అందులోనే ఉంది. వట్టి మంచినీళ్ళే పోయాలి. గాజుకు బయట గీత గీసి పెట్టుకుంటే ఎంత తగ్గిందో తెలుస్తుంది.

నలభై డిగ్రీలు దాటిన రోజుల్లో నీరు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గిపోతుంది. నీళ్ళ మీదికి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. సీసాలో నీళ్ళు గడ్డకట్టించి, మూత బిగించి తొట్టిలో వదలడం ఇంకో ఉపాయం. ఇరవై ఆరు డిగ్రీలుంటే చేప హాయిగా ఉంటుంది. కరెంటు పోతే పనిచేసేలా బ్యాటరీ గాలి మోటారు ఒకటి దగ్గరుంచుకోండి.

తొట్టి కట్టిన మర్నాడే చేపను వేయకూడదు. పాలు తోడుకోవడానికి తోడు ఎట్లా కావాలో, తొట్టి నీళ్ళు కుదురుకోవడానికీ సూక్ష్మజీవులు అట్లా కావాలి. చేప విసర్జించే అమ్మోనియా దానికే విషం. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ ప్రమాదం, చివరిది కొంతవరకు ఫరవాలేదు. ఈ జీవులు స్థిరపడేందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటికీ పేరుకున్న నైట్రేట్ పోవాలంటే వారం వారం కొంత నీరు మార్చాల్సిందే. నేను 30 లీటర్లు మారుస్తాను. కిలోకు కాస్త తక్కువ ఉప్పు ఖర్చు.

ఆ తీసేసిన నీళ్ళ విషయంలో ఒక తప్పు చేశాను. చేపల నీళ్ళు మొక్కలకు బలమని విన్నదాన్ని కదా, రెండు వారాలు మల్లెచెట్టుకు పోశాను. చెట్టు మాడిపోయింది. మంచినీటి తొట్టి నీళ్ళకే ఆ గుణం, ఉప్పునీళ్ళు కాలువలోకే.

తిండి సంగతి మనకు బాగా ఒంటబట్టే విషయం. పఫర్‌కు పళ్ళు నాలుగు, అవి అతుక్కుని చిలుక ముక్కులాగా ఉంటాయి. మన గోళ్ళలాగే బతికినన్నాళ్ళూ పెరుగుతాయి. గట్టి పెంకు కొరికి అరగదీసుకోకపోతే ముక్కు పెరిగి నోరు మూసుకుపోతుంది, ఎదుట తిండి పెట్టుకుని పస్తులతో చస్తుంది. అందువల్ల పొట్లాల్లో అమ్మే రంగు గుళికలతో దీని పోషణ జరగదు. నత్తలు కావాలి, పెంకుతో ఉన్న రొయ్య కావాలి, ఎండ్రకాయ కాళ్ళు కావాలి. పెరిగిపోయిన ముక్కును కత్తిరించే పద్ధతి ఉంది గాని, అది తెలిసినవాళ్ళు చేపకు మత్తిచ్చి చేసే పని. ఇంట్లో గోళ్ళకత్తెరతో ప్రయోగాలు వద్దు.

నత్తల కోసం కాలువ గట్టుకు పోవద్దు, వాటితోపాటు పురుగులు, రోగాలు వస్తాయి. నీటిమొక్కలు కొన్నప్పుడు వాటికంటుకుని వచ్చిన బుల్లి నత్తలను పాత బక్కెట్లో వేశాను. ఉడికించి చల్లార్చిన పాలకూర ఆకు వేస్తే చాలు, నెలకు నేను వద్దన్నంతగా పిల్లలు పెడతాయి. రొయ్యలు ఇంటికి రాగానే మనం ఉప్పూ పసుపూ పట్టించేస్తాం గదా, అంతకుముందే నాలుగైదు పెంకుతో సహా తీసి, కడిగి, పొట్లాలు కట్టి ఫ్రిజ్‌లో గడ్డకట్టించుకోవాలి. అయితే రోజూ రొయ్యలే పెట్టకండి. కొన్ని రొయ్యల్లో, ఆల్చిప్పల్లో బి1 విటమిన్‌ను చెరిపేసే పదార్థం ఉంటుంది. మార్చి మార్చి పెట్టాలి. కోడిమాంసం, వేటమాంసం అసలు పనికిరావు, ఆ కొవ్వు దీనికి అరగదు.

పిల్లచేపకు రోజూ పెట్టాలి, పెద్దదానికి రోజు విడిచి రోజు చాలు. కానీ ఇది మహా నటి! నేను గదిలోకి వస్తే చాలు గాజు వెంట పైకీ కిందికీ ఈదుతూ, వారం నుంచి ముద్ద దొరకనిదానిలా చూస్తుంది. మా అత్తగారు జాలిపడి నాకు తెలియకుండా రొయ్య వేసేవారు. పొట్ట కొద్దిగా గుండ్రమయ్యేవరకే పెట్టి, మిగిలినది వెంటనే తీసేయాలి.

ఇంటికి వచ్చిన పిల్లలు "ఆంటీ, ఒకసారి ఉబ్బించి చూపించరా" అంటారు. చూపించను. ఉబ్బడం దానికి ప్రాణభయం. వలతో పైకి ఎత్తినా ప్రమాదమే, నీటికి బదులు గాలి మింగితే బయటికి వదలలేక అవస్థ పడుతుంది. మగ్గులో నీళ్ళతోపాటే పట్టుకోవాలి. దీనికి పొలుసులుండవు గనుక ఇతర చేపలకు వాడే మందులు, ముఖ్యంగా రాగి కలిసినవి, చాలా జాగ్రత్త.

విషం మాట మొదట్లోనే అన్నాను. చాలా పఫర్ల కాలేయంలో, గుడ్లలో, కొన్నిటి చర్మంలో టెట్రోడోటాక్సిన్ ఉంటుంది. వండినా పోదు, విరుగుడు మందు లేదు. కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగిపోతుంది. జపానులో లైసెన్సు పొందిన వంటవాళ్ళే దీన్ని వండుతారు. తొట్టిలో పెరిగినదానికి విషం తగ్గి ఉండొచ్చు, ఆ ధైర్యం మనకు అక్కరలేదు. చేప చనిపోతే పిల్లికీ కుక్కకూ వేయకండి, లోతుగా గుంట తీసి పూడ్చండి.

"మనుసులకే నీళ్ళు ల్యాక బిందెలు మోస్తాంటే చేపకు క్యాన్లు పోస్తాండావా?" అని ఆ పక్కింటామే ఒక ఎండాకాలం అడిగింది. ఆ మాట నన్ను చాలా రోజులు పట్టి ఉంచింది. నీటి ఎద్దడి ఉన్న వీధిలో ఉండేవాళ్ళు దీని జోలికి పోవద్దనే నేనంటాను. మరీ ముచ్చటైతే కేరళ నదుల్లో అంగుళం పొడవుండే బుల్లి పఫర్ ఉంది. 1941లో హోరా, నాయర్ అనే శాస్త్రజ్ఞులు దాన్ని లోకానికి పరిచయం చేశారు. అది మంచినీటి చేపే, ఒక్కదానికైతే ఇరవై లీటర్ల తొట్టి సరిపోతుంది, దానికీ బుల్లి నత్తలే తిండి. అయితే విపరీతంగా పట్టి అమ్మడం వల్ల ఏట్లో తగ్గిపోతున్న జాతి అది. తొట్టిలో పుట్టినదేనా అని అడిగి కొనండి.

ఊరికి పోవాల్సి వస్తే పెద్ద పఫర్ నాలుగైదు రోజులు తిండి లేకున్నా ఉండగలదు. అంతకు మించితే నేను ఒక్కొక్క రోజు తిండి ఒక్కొక్క పొట్లంలో కట్టి, పైన వారం పేరు రాసి ఫ్రిజ్‌లో పెట్టి, తాళంచెవి పక్కింటామెకే ఇస్తాను. మొన్న ప్రొద్దుటూరులో పెళ్ళికి పోయి వారం ఉండి వచ్చేసరికి, ఒక పొట్లం మిగిలే ఉంది. "బుధవారం పొట్ట గుండ్రంగా కనిపించినాదక్కా, అందుకే పెట్టల్యా" అంది.