కుదువలో నున్న యిల్లు

మా గుర్రంకొండ దుర్గమును గూర్చి పెద్దలు చెప్పుకొను కథ యొకటి కలదు. ఆ కొండమీద నొక గుర్రముండెడిదట. అది యున్నంత కాలము కోటను జయించుట యెవరికిని శక్యము గాకుండెనట. కడకొక మరాఠా దొంగ నిట్టనిలువు బండ నెగబ్రాకి యా గుర్రమును దొంగిలించెను. దారిలో వాడు పట్టుబడినను కోట మహిమ మాత్రము పోయెను; తరువాతి ముట్టడిలో కోట పరుల పాలయ్యెను.

గృహస్థుల యిండ్లకును ఇట్టి గుర్రమొకటి కలదు. అది యింటి దస్తావేజు. ఇల్లు కట్టుటకు బ్యాంకులో నప్పు చేసిన నాడు ఆ దస్తావేజు బ్యాంకువారి పెట్టెలోనికి పోవును. దంపతులు కలిసి యున్నంత కాలము దానిని గూర్చి యడుగువారుండరు. వారు విడిపోయి, అప్పు మగని పేరను, కాపురము ఆలి వంతునను మిగిలిన నాడు ఏమి చేయవలయునో తెలియక మనలో ననేకులు దుఃఖించుచున్నారు. ఈ విషయమున నేను చూచినదియు, తెలిసికొన్నదియు మీకు విన్నవింపదలచితిని.

మా వీధిలో నొక సోదరి కలదు. ఆమె ప్రభుత్వ వైద్యశాలలో నర్సు. పెండ్లియైన క్రొత్తలో ఆమె భర్త తన పేర గృహఋణము తీసికొని యిక్కడ ఇల్లు కట్టించెను. స్థలము కొన్నది ఆమె పుట్టింటివారిచ్చిన సొమ్ముతోనే. అయినను పత్రము భర్త పేరనే వ్రాయబడెను. తరువాత నాతడు ఉద్యోగమునకై బెంగుళూరు పోయెను. కాలక్రమమున మనసులును దూరమయ్యెను. ఇరువురును సమ్మతించి న్యాయస్థానమున విడాకులు పొందిరి. ఇల్లు భార్యకు విడిచినట్లు ఒడంబడికలో నొక పంక్తి వ్రాసిరి. అప్పును గూర్చి యొక్క మాటయు వ్రాయలేదు. ఆమె మూడేండ్లు నెలనెలా కంతు సొమ్మును మాజీ భర్త ఖాతాకు పంపుచు వచ్చెను. ఒకనాడు బ్యాంకునకు పోయి, "మిగిలిన బాకీ నేనే తీర్చెదను, పత్రములు నాకిండు" అని యడుగగా, అక్కడివారు లెక్కయైనను చూపక, అప్పు తీసికొన్నవారిని రమ్మనుడని పంపివేసిరి.

"అక్కా! ఇల్లు నాదని కోర్టులో రాసిచ్చినారు గదా. కంతు నేనే కడుతుండాను గదా. ఇంకా నాది కాకుండా ఎట్ల పోయె?" అని ఆమె మా వంటయింటి గడప యొద్ద కూర్చుండి యడిగినపుడు నాకు సమాధానము తోచలేదు. మా వారు పాఠశాలనుండి వచ్చిన పిమ్మట వారితో ఆలోచించి, మదనపల్లెలో మాకు తెలిసిన వకీలుగారి యొద్దకు మువ్వురమును పోయి విచారించితిమి.

కురుసభలో ద్రౌపది కన్నీరు మాత్రమే కార్చలేదు. ధర్మరాజు మొదట తన్ను తానోడెనా, లేక నన్నోడెనా యని యడిగెను. తన్నోడినవానికి నన్నొడ్డు నధికార మెక్కడిదని దాని భావము. అది హక్కును గూర్చిన ప్రశ్న. సభలోని పెద్దలు దానికి బదులు చెప్పలేకపోయిరి. మనమును ఇంటి విషయమున నట్టి ప్రశ్నలు మూడు అడుగవలెను. అప్పు ఎవరి పేర నున్నది? పత్రము ఎవరి పేర నున్నది? కాపురము ఎవరిది? ఈ మూడును ఒక్కటేయని మనము భ్రమింతుము. అవి మూడు వేర్వేరు ముడులు. ఒకటి విప్పినంత మాత్రమున తక్కినవి వీడవు.

మొదటిది అప్పు. అది బ్యాంకునకును, సంతకము చేసినవానికిని నడుమ నున్న ఒడంబడిక. భార్యాభర్తలు తమలో తాము ఏమి వ్రాసికొన్నను, ఆ వ్రాతలో బ్యాంకు కక్షిదారు గాదు గనుక బ్యాంకును కట్టివేయదు. ఇరువురును కలిసి సంతకము చేసియుండిన యెడల, 1872వ సంవత్సరపు ఒడంబడికల చట్టమును బట్టి బ్యాంకు ఆ యిరువురిలో నెవరినైనను మొత్తము బాకీ యడుగవచ్చును. "కంతులు భర్తయే కట్టవలెను" అని డిక్రీలో నున్నదిగదా యని భార్య నిశ్చింతగా నుండరాదు. ఆతడు కట్టకపోయినచో బ్యాంకు ఆమెను అడుగును. సిబిల్ లెక్కలో ఆమె పేరును చెడును. జామీను సంతకము చేసినవారికిని ఇదే గతి.

రెండవది పత్రము. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము కుదువలలో పలు విధములు చెప్పినది. అందు దస్తావేజులను అప్పిచ్చినవాని యొద్ద నుంచుట యొకటి. నేటి గృహఋణములలో విశేషముగా నుండునది యిదే. ఇల్లు కుదువలో నున్నను యజమాని యజమానియే; అప్పు తీర్చి విడిపించుకొను హక్కు ఆతనిదే. కాబట్టి పత్రము మాజీ భర్త పేర నున్నంత వరకు, కంతు ఎవరు కట్టినను, బాకీ తీరిన నాడు దస్తావేజు ఆతని చేతికే పోవును. మన సోదరికి కలిగిన కష్టమిదే.

మూడవది కాపురము. 2005వ సంవత్సరపు గృహహింస నిరోధక చట్టము భార్యకు కాపురపుటింట నివసించు హక్కు నిచ్చినది. అవసరమైన యెడల మెజిస్ట్రేటు ఆ యింటిని అమ్మరాదనియు, కుదువ పెట్టరాదనియు భర్త నాజ్ఞాపింపవచ్చును. ఇల్లు అత్తమామల పేర నున్నను అది కాపురపుటిల్లు కావచ్చునని 2020లో సుప్రీంకోర్టు చెప్పినది. కాని యిది నీడనిచ్చు హక్కే గాని యాజమాన్యము గాదు.

విడాకుల తరువాత నీ నీడయు సందిగ్ధమగునని తెలుపు వ్యాజ్యమొకటి కలదు. బెంగుళూరులో భర్త పేర బాడుగకున్న యింటిలో నొక యిల్లాలు ఉండెను. భర్త ఆమెను విడిచిపోయెను. ఇంటి యజమాని ఖాళీ చేయుమని దావా తెచ్చెను. 2005 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇట్లు చెప్పెను: భర్త విడిచిపోయిన భార్య ఆతని స్థానమున నిలిచి, బాడుగ చెల్లించుచు, దావాను ఎదుర్కొనవచ్చును; కాని విడాకులు పొందిన పిమ్మట ఆమె హక్కు విడాకుల షరతులలో నేమున్నదో దానిని బట్టి యుండును. ఆ దంపతులకు అప్పటికే విడాకులైనవి. షరతులలో ఆమెకు ఇంటిపై హక్కు మిగిల్చినట్లు చూపబడలేదు. కనుక ఆమె యోడిపోయెను. అది బాడుగ యిల్లే గాని కుదువ యిల్లు గాదు. అయినను మనము నేర్చుకొనవలసిన పాఠ మొక్కటియే: విడాకుల పత్రములో వ్రాయని మాట తరువాత మనకు దిక్కు గాదు.

కాబట్టి సంతకము చేయకముందే చేయవలసిన పని కలదు. హిందూ వివాహ చట్టమును బట్టి పరస్పర సమ్మతితో విడాకులు కోరినవారికి మొదటి దరఖాస్తునకును, రెండవ దానికిని నడుమ ఆరు నెలల గడువు సాధారణముగా నుండును. తగిన సందర్భములలో దానిని తగ్గింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పినది. ఇంటిమీద నప్పున్నవారు ఆ గడువును తొందరపడి వదలుకొనక బ్యాంకు పని చక్కబెట్టుకొనుటకు వినియోగింపవలెను. మా యూర మహమ్మదీయ సోదరీమణులును కలరు. వారి వివాహధర్మము వేరు, విడాకుల విధము వేరు. కాని బ్యాంకు లెక్క యెల్లరకు నొక్కటే.

ఒడంబడికలో నీ క్రింది సంగతులు స్పష్టముగా నుండవలెను: ఇంటి హద్దులు, దస్తావేజు సంఖ్య, ఋణఖాతా సంఖ్య, నాటికి మిగిలిన బాకీ, ఇకమీద కంతు ఎవరు కట్టవలెను, ఏ తేదీలోపల అప్పు భార్య పేరికి మారవలెను, భర్త ఏ పత్రములమీద సంతకము చేయవలెను, చేయనియెడల నేమగును. రిజిస్ట్రేషను సుంకము బంధుత్వమును బట్టి మారు పత్రములు కొన్ని గలవు. భార్యగా నున్నపుడు చేయించుట మేలో, తరువాత మేలో వకీలును ముందే యడుగవలెను.

ఇక అప్పును తన పేర మార్చుకొను మార్గములు మూడు. ఒకటి, ఉన్న బ్యాంకే పాత ఋణగ్రహీత పేరు తీసి క్రొత్త పేరు వ్రాయుట. ఇది బ్యాంకు సమ్మతి. బలవంతము చేయు హక్కు మనకు లేదు. ఆమె జీతము, వయస్సు, సిబిల్ లెక్క చూచి వారు నిర్ణయింతురు. రెండు, వేరొక బ్యాంకులో తన పేర అప్పు తీసికొని పాతదానిని తీర్చివేయుట. వ్యక్తులు మారుచుండు వడ్డీకి తీసికొన్న గృహఋణమును ముందుగా తీర్చినందుకు రుసుము పుచ్చుకొనరాదని రిజర్వు బ్యాంకు నియమము. 2012 నుండి బ్యాంకులకు ఇది వర్తించుచున్నది. మూడు, నగలో, పుట్టింటి సొమ్మో వెచ్చించి యొక్కమారుగా తీర్చుట.

ఏ మార్గమైనను వరుస తప్పరాదు. మొదట బాకీ యెంతయో పాత బ్యాంకు వ్రాతమూలముగా నీయవలెను. అది ఋణగ్రహీత కోరిననే యిత్తురు గనుక మాజీ భర్త సహాయము కావలెను. తరువాత క్రొత్త అప్పు మంజూరు కావలెను. పిదప పాత బాకీ తీరుట, ఇల్లు ఆమె పేర రిజిస్టరగుట, క్రొత్త కుదువ ఏర్పడుట ఒకదాని వెంట నొకటి జరుగవలెను. బాకీ పూర్తిగా తీరిన 30 దినములలో మూలపత్రములు తిరిగి యీయవలెననియు, ఆలస్యము బ్యాంకుదైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున నష్టపరిహార మీయవలెననియు రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించినది. అటుపై సబ్ రిజిస్ట్రారు కచేరీలో ఈ.సీ. తీయించి పాత కుదువ పోయినదో లేదో కన్నులార చూచుకొనవలెను. అప్పునకు ముడిపడిన బీమా మాజీ భర్త ప్రాణముపై నుండును. అది ఆమె యప్పునకు పనికిరాదు.

నెలనెలా కంతు కట్టుటయే చాలునని తలంచువారికి నొక చిన్న లెక్క చెప్పెదను. 9 లక్షల బాకీ, నూటికి ఏటికి 9 వడ్డీ, 15 ఏండ్ల గడువు అనుకొందము. కంతు సుమారు 9,128 రూపాయలగును. మూడేండ్లలో 3,28,600 కట్టుదుము. అందు సుమారు 2,30,700 వడ్డీకే పోయి అసలులో తగ్గునది 97,900 మాత్రమే. ఇంత కట్టియు పేరు లేకున్న నేమి ప్రయోజనము? మన సోదరి నగదు జమచేసిన చీట్లు సగము పారవేసినది. ఋణఖాతాకే నేరుగా, తన ఖాతానుండి కట్టియుండిన యెడల ప్రతి కంతునకు సాక్ష్యముండెడిది.

చట్టము కట్టినవారి పక్షమునను కొంత నిలిచినది. ఆస్తిలో హక్కు గలవారును, జామీనుదారులును కుదువను విడిపింపవచ్చును. అట్లు విడిపించినవారు అప్పిచ్చినవాని స్థానములోనికి వత్తురు. అప్పు తీర్చుటకు యజమానికి సొమ్మిచ్చినవారు మాత్రము, ఆ హక్కు తమకు కలుగునని ఆతనిచేత రిజిస్టరు పత్రము వ్రాయించుకొనవలెను. ఇక కంతులు తప్పి 90 దినములు దాటినచో, 2002వ సంవత్సరపు సర్ఫేసీ చట్టమును బట్టి బ్యాంకు 60 దినముల నోటీసిచ్చి యింటిని స్వాధీనపరచుకొనవచ్చును. ఆ నోటీసు బెంగుళూరు చిరునామాకు పోయి, ఇంటనున్న యిల్లాలికి తెలియకపోవచ్చును. కనుక అప్పుడప్పుడు విచారించుచుండవలెను.

"విడిపోయిన పిమ్మట ఆతని యిల్లు నీకేల?" అనువారు కలరు. స్త్రీధనమును భర్త కరవునందును, ధర్మకార్యమునందును, వ్యాధియందును, చెరయందును వాడుకొన్న తిరిగి యీయనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. ఇల్లు కట్టుట యా నాలుగింటిలో లేదు. పుట్టింటి సొమ్ము పోసిన యింటిని గోరుట అత్యాశ గాదు. అయితే జీతములో సగమునకు మించి కంతునకే పోవునెడల, ఇల్లు అమ్మి బాకీ తీర్చి మిగిలినది పంచుకొనుటయే వివేకము. బిడ్డల అన్నమును గోడలకు పెట్టరాదు.

మన సోదరి సంగతి యేమైనదని మీరడుగుదురు. మాజీ భర్తకు వ్రాయుటకు ఆమె యభిమానపడెను. మా వారే జాబు వ్రాసిరి. ఆతడు బెంగుళూరులో తన కొరకు ఇల్లు కొనదలచుచుండెను. పాత యప్పు ఆతని పేర నున్నందున క్రొత్త యప్పు పుట్టకుండెను. ఈ బరువు దిగుట ఆతనికిని మేలేయని తెలిసిన పిమ్మట, కలహము లేకయే రెండుమార్లు వచ్చి సంతకములు చేసి పోయెను. వేరొక బ్యాంకులో ఆమె జీతముమీద 8 లక్షలకు పైబడిన యప్పు పుట్టినది. పత్రము నేడు ఆమె పేర నున్నది. అప్పును ఆమె పేరనే యున్నది. ఇంకను పండ్రెండేండ్లు కట్టవలెను. "ఇప్పుడు కట్టేది నా ఇంటికి కడుతుండానక్కా" అని మొన్న ననెను.

సోదరీమణులారా! మీ దంపతులు నూరేండ్లు కలిసి యుందురు గాక! అయినను నేడే యొకమారు మీ యింటి పత్రము ఎవరి పేర నున్నదో, అప్పు ఎవరి పేర నున్నదో, ఎంత మిగిలినదో మీ వారిని అడిగి తెలిసికొనుడు. అడుగుట అనుమానము గాదు. ఇంటి లెక్క తెలియుట గృహిణికి ధర్మమే.