ట్రాక్టరు ఇంజనులో బిగుసుకొన్న స్టడ్డులను తీయు విధము

ట్రాక్టరు ఇంజనులో పుట్టిన పొగ సిలిండరు హెడ్డు నుండి మానిఫోల్డులోనికి, అచటినుండి పొగగొట్టములోనికి పోవును. మానిఫోల్డును హెడ్డుకు బిగించి పట్టుకొనునవి స్టడ్డులు. ఇవి రెండు చివరల మరలు గల చిన్న ఉక్కు కడ్డీలు. వెల స్వల్పమే అయినను, ఒకటి మొరటుగా విరిగినచో హెడ్డునే విప్పి లేతు షాపునకు పంపవలసి వచ్చును. దుక్కి అదను తప్పిన తరువాత ఇంజను బాగుపడినను ప్రయోజనమేమి? గోటితో పోవు దానిని గొడ్డలి దాకా తెచ్చుకొనరాదు.

గుర్తించుట ఎట్లు?

ఉదయము ఇంజను వేయగానే మానిఫోల్డు వద్ద టిక్కు టిక్కుమను శబ్దము వచ్చి, వేడెక్కిన పిమ్మట తగ్గినను, అతుకు వద్ద నల్లని మసి చార కనబడినను, పొగ కారుచున్నదని అనుమానింపవలెను. ఈ పొగ మూసిన షెడ్డులో ప్రాణాపాయకరము. దాని వేడికి దగ్గరలోని తీగలు, గొట్టములు కాలవచ్చును.

ఎందుకు బిగుసుకొనును?

ఇంజను నడిచినపుడు స్టడ్డు కాగి వ్యాకోచించును. ఆపినపుడు చల్లారి సంకోచించును. ఏండ్ల తరబడి ఇట్లు జరుగుటచే లోహము అలసిపోవును. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక మరల సందులలో నిండి నట్టును పట్టివేయును. కావున బలముతో కాక ఓర్పుతో పని సాధింపవలెను.

విప్పు పద్ధతి

1. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మట మరలను తీగె బ్రష్షుతో శుభ్రపరచి, తుప్పు వదలించు నూనె వేయవలెను. ఒక రాత్రి నాననిచ్చి, మధ్య మధ్య మరల వేయుచుండవలెను. కాగిన మానిఫోల్డుపై నూనె వేసినచో మంట లేచును.

2. స్టడ్డు చివరను సుత్తితో మెల్లగా తట్టవలెను. అదురునకు తుప్పు పగిలి నూనె లోనికి దిగును.

3. నట్టు ఆరు పలకలకు సరిపడు సాకెట్టునే వాడవలెను. పావు చుట్టు విప్పి, కొంచెము బిగించి, మరల విప్పవలెను. పానా వదలగానే నట్టు వెనుకకు వచ్చినచో, మెలితిరుగుచున్నది స్టడ్డే అని తెలిసికొని వెంటనే ఆపవలెను.

4. అప్పటికిని రానిచో, నూనెను తుడిచివేసి, ఇంధనపు గొట్టములకు దూరముగా, నట్టును మాత్రమే గ్యాసు మంటతో కాచవలెను. నట్టు వ్యాకోచించి పట్టు వదలును. హెడ్డు అల్యూమినియముతో చేసినదైనచో ఈ పని నేర్పరికే విడువవలెను. అది ఎఱ్ఱబడకయే కరగును.

విరిగినచో

మొన బయట మిగిలియున్నచో, దానిపై కొత్త నట్టు పెట్టి, రంధ్రములో వెల్డింగు చేయించవలెను. ఆ వేడికే తుప్పు పట్టు సడలును. చల్లారిన పిమ్మట ముందుకు వెనుకకు ఆడించుచు తీయవలెను. వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలు విప్పుట మరువరాదు.

హెడ్డు లోపల విరిగినచో, సరిగా నడిమధ్యన సెంటరు పంచితో గుర్తు పెట్టి, సన్నని బిట్టుతో మొదలిడి, క్రమముగా పెద్దది చేయవలెను. ఎడమవైపు తిరుగు బిట్టు దొరికినచో మేలు. తొలుచుచుండగానే స్టడ్డు బయటికి రావచ్చును. మర విరుపు తీయు ఎక్స్‌ట్రాక్టరును బలవంతముగా త్రిప్పరాదు. అది మిక్కిలి గట్టి ఉక్కు; లోపల విరిగినచో మామూలు బిట్టు దానిని తొలువదు. మరలు చెడినచో ట్యాపుతో శుభ్రపరచవలెను, లేదా మర చుట్టు అమర్పించవలెను.

తిరిగి బిగించుట

కొత్త స్టడ్డులు, కొత్త గ్యాస్కెట్టు వాడి, మరలకు రాగి కలిసిన గ్రీజు పూయవలెను. నడుమనుండి చివరలకు, రెండు మూడు విడతలుగా, ఇంజను పుస్తకములో చెప్పిన బిగువుకే బిగించవలెను. కొన్ని గంటలు నడిపి చల్లార్చిన పిమ్మట మరల సరిచూడవలెను.

సేద్యపు పనులు లేని నెలలో ఒక పూట వెచ్చించి స్టడ్డులను పరీక్షించుకొనుడు. నట్టు మొరాయించినపుడు పొడవు పానా వెదకుటకు బదులు, నూనె వేసి మరునాటివరకు ఆగుడు. ఆ ఒక్క రాత్రి ఓర్పు హెడ్డును కాపాడును.